పీటర్ తంగరాజ్: ఆసియా బెస్ట్ గోల్‌కీపర్ మన హైదరాబాదీనే.. ఫార్వర్డ్‌గా మొదలై గోల్‌పోస్ట్ దగ్గరికి ఎలా వచ్చారంటే?

2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా చూశారా? అజయ్ దేవగణ్ కోచ్ రహీమ్‌గా నటించిన సినిమా. అందులో గోల్‌పోస్ట్ ముందు నిలబడే పొడుగాటి గోల్‌కీపర్ కల్పిత పాత్ర కాదు. ఆయన పేరు పీటర్ తంగరాజ్. 1935 డిసెంబర్ 24న హైదరాబాద్‌లో పుట్టారు. మన దేశానికి ఇప్పటిదాకా దొరికిన గోల్‌కీపర్లలో నంబర్ వన్ ఎవరంటే పాతతరం ఫుట్‌బాల్ అభిమానులు ఎక్కువమంది చెప్పేది ఈయన పేరే.

విశాఖ మద్దిలపాలెంలో వికెట్‌కీపర్ల పేర్లు అడిగితే చిన్నపిల్లలు కూడా టకటకా చెప్పేస్తారు. గోల్‌కీపర్ పేరు ఒక్కటి చెప్పమంటే మాత్రం తడుముకుంటారు. అందుకే ఈ కెరీర్ ఒకసారి చూద్దాం.

ఇంతకీ తంగరాజ్ మొదట గోల్‌కీపర్ కాదు. సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టే మనిషి. 1953లో సైన్యంలో చేరారు. నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్ దగ్గరున్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులోకి వచ్చాకే గోల్‌పోస్ట్ ముందుకు మారారు. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవాటి చేతులు. ఆ జట్టు 1955లో ఒకసారి, 1958లో మరోసారి డ్యూరాండ్ కప్ కొట్టింది. 1960లో సర్వీసెస్ జట్టు తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే.

అప్పట్లో గోల్‌కీపర్ పని ఎంత కష్టమో ఇప్పటి కుర్రాళ్లకి ఊహకి కూడా అందదు. ఇప్పటి రబ్బరు పట్టు గ్లవ్స్ లేవు. తోలు బంతి వానలో తడిస్తే బరువెక్కిపోయేది. బంతి చేతిలో ఉన్నా సరే, ఎదుటి ఫార్వర్డ్ వచ్చి భుజంతో తోసేయొచ్చు, రూల్ ఒప్పుకునేది. ఒక్క సుఖం మాత్రం ఉండేది. సొంత డిఫెండర్ కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని చేత్తో పట్టుకోవచ్చు. 1992లో ఆ వెసులుబాటు తీసేశారు. ఇక 2025 నుంచి బంతిని 8 సెకన్లకి మించి చేతిలో పెట్టుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్ ఇచ్చేస్తున్నారు. మారనిది గోల్ సైజు ఒక్కటే: వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. దానికి కాపలా ఒక్క మనిషి!

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ టీమ్‌లో తంగరాజ్ ఉన్నారు. 1958లో ఆసియా అత్యుత్తమ గోల్‌కీపర్‌గా గుర్తింపు వచ్చింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 1-2తో ఓడినా, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు. ఫ్రాన్స్‌తో డ్రా అంటే ఇప్పుడు వింటే నమ్మశక్యంగా లేదు కదా!

అసలు కథ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ది. గ్రూప్ మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఫ్లూ జ్వరంతో తంగరాజ్ కొన్ని మ్యాచ్‌లకి దూరమయ్యారు. ఆ లోటు ప్రద్యుత్ బర్మన్ తీర్చాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గట్టెక్కి ఫైనల్‌కి వెళితే, ఎదురుగా మళ్లీ అదే కొరియా. సెప్టెంబర్ 4న జరిగిన ఆ ఫైనల్‌కి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మళ్లీ తంగరాజ్‌నే దించారు. జ్వరం నుంచి లేచిన మనిషిని ఫైనల్లో నిలబెట్టడం మామూలు తెగింపు కాదు. స్టేడియం నిండా మనవాళ్లని గేలి చేసే జనం. పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చినా 2-1తో గోల్డ్ మెడల్ మనదే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి గోల్డ్ రావడం అదే ఆఖరిసారి.

తర్వాత 1964 ఆసియా కప్‌లో రన్నరప్, 1967లో అర్జున అవార్డు. క్లబ్బుల విషయానికొస్తే కోల్‌కతా పెద్ద జట్లు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్.. మూడింటికీ ఆడారు. ఆట మానేశాక కోచింగ్ వైపు వెళ్లి బొకారోలో స్థిరపడ్డారు. మన ఉక్కునగరం లాగే అదీ స్టీల్ ప్లాంట్ చుట్టూ పెరిగిన ఊరే. 2008 నవంబర్ 24న అక్కడే కన్నుమూశారు.

ఆయన్ని తయారుచేసింది క్లబ్ కాంట్రాక్ట్ కాదు, నెలనెలా జీతం వచ్చే సైన్యం ఉద్యోగం. ఈ పాయింట్ మన విశాఖకి బాగా వర్తిస్తుంది. టీమ్‌లో ఫార్వర్డ్‌కి రెండు మూడు చోట్లు ఉంటాయి. కీపర్‌కి ఒక్కటే. ఆ ఒక్క చోటు కోసం బెంచీ మీద ఏళ్ల తరబడి ఆగాలంటే ఇల్లు గడవాలి.

మరి ఇక్కడ ప్రొఫెషనల్ క్లబ్ ఉందా? 2020లో ఏఐఎఫ్ఎఫ్ విశాఖ పేరు మీదే శ్రీనిధి క్లబ్‌కి ఐ-లీగ్‌లో నేరుగా చోటిచ్చింది. తీరా బరిలోకి దిగేసరికి సొంత మైదానం హైదరాబాద్‌లో, పేరేమో శ్రీనిధి డెక్కన్. ఆ జట్టు 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రన్నరప్‌గా నిలిచింది. ఆ మ్యాచ్‌లు విశాఖలో జరిగి ఉంటే ఇక్కడి పిల్లలు ఎన్ని చూసేవారో! ఇక 2022లో ఐఎస్ఎల్ ఫైనల్ షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీని గెలిపించిన కీపర్ కట్టిమణి గోవా ఆటగాడు. ఆ క్లబ్ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

తంగరాజ్ నడిచిన దారి మాత్రం మూసుకుపోలేదు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆటగాళ్లతో కట్టే సర్వీసెస్ జట్టు 2023-24లో గోవాని 1-0తో ఓడించి మళ్లీ సంతోష్ ట్రోఫీ ఎత్తుకుంది. తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఉన్నది విశాఖలోనే.