ఫెలిక్స్ రోడ్రిగెస్ దె లా ఫ్వెంతె

ఫెలిక్స్ రోడ్రిగెస్ దె లా ఫ్వెంతె (మార్చి 14, 1928 - మార్చి 14, 1980) స్పెయిన్ దేశానికి చెందిన ప్రకృతి పరిశీలకుడు, రచయిత, టెలివిజన్ వ్యాఖ్యాత. హానికర జంతువుగా ముద్రపడి అంతరించే దశకు చేరుకున్న తోడేలు పట్ల స్పెయిన్ ప్రజల అభిప్రాయమును మార్చిన వ్యక్తిగా ప్రసిద్ధుడు.

బాల్యము, విద్య

ఈయన ఉత్తర స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతములో పోజా దె లా సాల్ అనే గ్రామములో జన్మించాడు. వల్యదోలిద్‌లో వైద్యశాస్త్రము చదివి, ఆపై దంతవైద్యము అభ్యసించాడు. కొంతకాలము దంతవైద్యునిగా పనిచేసి ఆ వృత్తిని విడిచిపెట్టాడు. శిక్షణ ఇచ్చిన డేగలతో వేటాడే ప్రాచీన విద్యలో ఈయన నిపుణుడు. ఆ విద్య గురించి మాట్లాడడానికే 1964లో మొదటిసారి టెలివిజన్‌లో కనిపించాడు.

ఆనాటి తోడేళ్ళ పరిస్థితి

మందలపై దాడి చేస్తుందన్న కారణముగా గొర్రెల కాపరులు తోడేలును తరతరాలుగా శత్రువుగా చూసేవారు. ఫ్రాంకో పాలనలో 1953లో హానికర జంతువుల నిర్మూలనకు ప్రాంతీయ సంఘాలు ఏర్పడ్డాయి. తోడేళ్ళు, నక్కలు, గ్రద్దలు మొదలగు వాటిని చంపినవారికి ఇవి బహుమతి చెల్లించేవి. ఉచ్చులు, విషపు ఎరలు విరివిగా వాడేవారు. ఫలితముగా 1970 నాటికి స్పెయిన్‌లో తోడేళ్ళు ప్రధానముగా వాయవ్య ప్రాంతాలకు పరిమితమయ్యాయి.

తోడేళ్ళ రక్షణకు కృషి

1960ల మధ్యకాలములో, గ్రామస్థుల చేతిలో చావవలసిన రెండు తోడేలు పిల్లలను ఫెలిక్స్ కొని తెచ్చి తానే పెంచాడు. తోడేళ్ళు గుంపులో ఎలా మెలగుతాయో, నాయకునికి ఎలా లోబడతాయో వాటి వల్ల దగ్గరగా తెలుసుకోగలిగాడు. తరువాత గ్వాదలహారా ప్రాంతములోని పెలెగ్రీనా వద్ద మరికొన్ని తోడేళ్ళను పెంచి చిత్రీకరించాడు. 1968లో స్థాపించిన అదెనా అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థ వ్యవస్థాపకులలో ఈయన ఒకడు.

1970లో వచ్చిన వేట చట్టముతో తోడేలు వేట జంతువుల కోవలో చేరింది. ఇది వేటపై నిషేధము కాదు. అయితే ఎప్పుడైనా, ఎవరైనా చంపదగిన జంతువు అనే స్థితి పోయి, వేటకు కాలము, అనుమతి వంటి హద్దులు ఏర్పడడానికి మార్గము కలిగింది. ఈ మార్పుకు దోహదము చేసినవారిలో ఫెలిక్స్ ముఖ్యుడు.

1974లో మొదలైన "మనిషి, భూమి" అనే అర్థము గల ఈయన ధారావాహిక స్పెయిన్ అంతటా ఆదరణ పొందింది. అందులో తోడేళ్ళు పిల్లలను సాకే, కలసి వేటాడే కుటుంబ జీవులుగా కనిపిస్తాయి.

విమర్శలు

ధారావాహికలోని అనేక దృశ్యాలలో స్వేచ్ఛగా తిరిగే జంతువులకు బదులు పెంపుడు జంతువులను వాడారనీ, కొన్ని వేట సన్నివేశాలను ముందుగా ఏర్పాటు చేసి తీశారనీ విమర్శ ఉన్నది. మనుష్యుల కంటపడని తోడేలు వంటి జంతువును ఆనాటి పరికరాలతో అంత దగ్గరగా చిత్రించడము వేరొక విధముగా సాధ్యము కాదని సమర్థించేవారు అంటారు.

మరణము

1980 మార్చి 14న, తన 52వ పుట్టినరోజున, అలాస్కాలోని షక్తూలిక్ సమీపములో విమానము కూలి ఫెలిక్స్ మరణించాడు. ఇడిటరోడ్ అనే కుక్కబండ్ల పందెమును చిత్రీకరించడానికి అక్కడికి వెళ్ళాడు. ఇద్దరు ఛాయాగ్రాహకులు, విమాన చోదకుడు కూడా మరణించారు.

తరువాతి పరిణామాలు

1992 నాటి ఐరోపా ఆవాసాల ఆదేశము ప్రకారము దువేరో నదికి దక్షిణమున తోడేలుకు కఠిన రక్షణ లభించింది. ఉత్తరమున పరిమిత వేట కొనసాగింది. 2021 సెప్టెంబరులో దేశమంతటా తోడేలును ప్రత్యేక రక్షణ జాబితాలో చేర్చడముతో ఉత్తరమున కూడా వేట ఆగింది. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ఒక చట్టము దువేరోకు ఉత్తరమున ఉన్న తోడేళ్ళను ఆ జాబితా నుండి తొలగించింది. 2021-2024 జాతీయ గణనలో దేశములో 333 తోడేలు గుంపులు లెక్కకు వచ్చాయి. 2012-2014 గణనలో ఇవి 297. ఆ విధముగా ఫెలిక్స్ లేవనెత్తిన చర్చ, అనగా కాపరుల నష్టానికీ తోడేలు మనుగడకూ మధ్య హద్దు ఎక్కడ అన్న ప్రశ్న, ఆయన మరణించిన నాలుగు దశాబ్దాల తరువాత కూడా స్పెయిన్ చట్టసభలో వాదోపవాదాలకు కారణమైంది.