కాలాపానీ ఆసుపత్రిలో కదంతలా కుర్రాడు

అండమాన్ రాజధానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ, జనం నోట అది ఇంకా పోర్ట్ బ్లెయిరే. అక్కడి జి.బి. పంత్ ఆసుపత్రి 1963లో సెల్యులర్ జైలు ఆవరణలోనే వెలసింది. కాలాపానీగా పేరుపడి, ఒకప్పుడు ఏడు రెక్కలున్న ఆ జైలుకు ఇప్పుడు మిగిలినవి మూడే.

ఆ నేలకు వైద్యంతో అంతకు ముందే చేదు పరిచయం ఉంది. 1933 మేలో రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షకు దిగితే, కాళ్లూ చేతులూ అదిమిపట్టి ముక్కులోకి గొట్టం దింపి పాలు పోశారు. మహావీర్ సింగ్ ఊపిరితిత్తుల్లోకి పాలు పోయాయి. ఆయన చనిపోయారు. అదే దీక్షలో మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మొయిత్ర కూడా ప్రాణాలు విడిచారు. సమ్మతి అడిగినవాడు లేడు, తల నిమిరే అయినవాళ్లు సముద్రానికి అవతల ఉన్నారు.

పెద్ద ఆపరేషన్ అంటే మన ఇళ్లలో ముందు మాటలు నడుస్తాయి. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తాడు. పెదనాన్న ‘ఏం కాదులేరా’ అంటాడు. అమ్మ అప్పన్నకు మొక్కుకుంటుంది. ఆ తర్వాతే సంతకం. మరి మాటే కలవని రోగి వస్తే?

1996 ఏప్రిల్‌లో అలాంటివాడే వచ్చాడు. మధ్య అండమాన్‌లోని కదంతలా దగ్గర కాలు విరిగి దొరికిన, జారవా అనే ఆదివాసీ తెగ కుర్రాడు. అప్పటిదాకా బయటివాళ్లకు జారవాల పలకరింపు ఎక్కువగా బాణంతోనే. ఆ పిల్లాణ్ణి జి.బి. పంత్‌కు తెచ్చారు. మంచం, సూది, కట్టు, నాలుగు గోడలు, అన్నీ అతనికి కొత్తే. పక్కన తనవాడంటూ ఒక్కడూ లేడు. అన్నం పెట్టే చెయ్యి, కట్టు మార్చే చెయ్యి రోజూ కనబడుతుంటే బెదురు తగ్గింది. నాలుగు హిందీ ముక్కలు కూడా పట్టుబడ్డాయి. కాలు బాగయ్యాక అక్టోబరులో అడవికి చేర్చారు.

సరిగ్గా ఏడాదికి, 1997 అక్టోబరులో, జారవాలు పట్టపగలు ఆయుధాలు లేకుండా కదంతలా దగ్గరి జెట్టీకి వచ్చారు. ఆ గుంపులో ఈ కుర్రాడూ ఉన్నాడు.

1998లో డాక్టర్ రతన్ చంద్ర కర్ కదంతలాకు బదిలీ అయ్యారు. కొబ్బరికాయలు, అరటిపళ్లు పట్టుకుని జారవాల గుడిసెలకే వెళ్లారు. పంది వేటలో దెబ్బ తిన్న ఒకడి గాయానికి మందు రాశారు. అది మానుతూ ఉంటే నమ్మకం కుదిరింది. ఆయన వాళ్ల భాష నేర్చుకున్నారు. 1999లో తట్టు విరుచుకుపడినప్పుడు ఆ పరిచయమే అక్కరకొచ్చింది. 2023లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

ఇక మాట కలిసే రోగుల సంగతికొస్తే, ద్వీపాల్లో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చి, జంగ్లీఘాట్ చేపల రేవు చుట్టూ స్థిరపడ్డ కుటుంబాలెన్నో. ఇక్కడ కుదరని ఆపరేషనైతే చెన్నైకో విశాఖకో వెళ్లాలి. ఓడెక్కితే రెండు మూడు రోజుల దారి. ఒకనాడు ఖైదీలను ఇటు మోసుకొచ్చిన దారే అది, ఇప్పుడు రోగి అటు వెళ్తాడు. హ్యాడో వార్ఫ్‌లో ఎక్స్‌రేల కవరు ఒక చేత, చద్ది మూట ఒక చేత పట్టుకుని తోడు వెళ్లేవాళ్లు ముందు నడుస్తారు. చెప్పాల్సిన ధైర్యమంతా మిగిలినవాళ్లు ఓడ మెట్ల దగ్గరే చెప్పేస్తారు.