జగిత్యాల బాగుపడిందా?

పోయిన ఎండాకాలం బాపు ఫోన్ చేసి, బీర్పూర్‌లో మాకున్న రెండెకరాలు అమ్మి జగిత్యాలలో ప్లాటు కొందామన్నాడు. "జగిత్యాల మస్తు పెరిగింది రా. ఇప్పుడు కొనకుంటే మళ్ల మన చేతికి రాదు" అని ఆయన వాదన. అదే వారం అక్కతో మాట్లాడాను. ఆమె పెళ్ళయినప్పటి నుంచీ జగిత్యాలలోనే ఉంటుంది. "ఈడ ఏమున్నదిరా? పోరగాండ్లందరు దుబాయో, హైదరాబాదో పోయిండ్రు. మిగిలింది ముసలోళ్లు, దవాఖానలు, ఫంక్షన్ హాళ్లు. గంతే" అంది.

ఇద్దరూ ఒకే ఊరి గురించి మాట్లాడారు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని. ఒకే సిస్టమ్ గురించి రెండు రిపోర్టులు రెండు రకాలుగా చెబితే, ముందు చూడాల్సింది ఏ రిపోర్టు దేన్ని కొలుస్తోందని. బాపు గజం ధర కొలుస్తున్నాడు. అక్క తన వీధిలో రాత్రి లైటు వెలిగే ఇళ్ళు కొలుస్తోంది. నాకు ఇంకో కొలత కావాలనిపించింది. మా బీర్పూర్ వాళ్ళకు పట్నమంటే జగిత్యాలే. సారంగాపూర్ మీదుగా బస్సెక్కి పోతాం, పని చూసుకుని పొద్దుగూకే లోపు వస్తాం. పల్లె మనిషి ఆ పట్నానికి ఎందుకు పోయేవాడు, ఏం పట్టుకుని వచ్చేవాడు? నేను చరిత్రకారుణ్ణి కాను. అయినా ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్ళి చూశాను.

జగిత్యాల లేని కాలంలో పెద్ద ఊరు పొలాస. ఇవాళ జగిత్యాల పక్కన ఒక పల్లె. పన్నెండో శతాబ్దంలో అది ఒక చిన్న రాజ్యానికి రాజధాని, పాలకుల పేరు పొలవాస ప్రభువులు. కాకతీయ రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభాల గుడిలో వేయించిన 1163 నాటి శాసనంలో, తాను ఓడించిన వాళ్ళ జాబితాలో పొలవాస మేడరాజు ఉన్నాడు. ఓడిన రాజధాని మెల్లగా పల్లె అయిపోయింది. అక్కడి పౌలస్తీశ్వరుడి గుడి మిగిలింది. ఆ రోజుల్లో చుట్టుపక్కల రైతు పొలాసకు ఎందుకు పోయేవాడో ఊహించడం కష్టం కాదు. పన్ను కట్టడానికి, మొక్కు తీర్చుకోవడానికి.

తర్వాత ఆరు వందల ఏళ్ళకు, 1747లో, జగిత్యాల కోట వచ్చింది. నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో, ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించింది. జాక్, తాల్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేర్ల మీదనే జగిత్యాల అనే పేరొచ్చిందని చిన్నప్పుడు మా సార్లు చెప్పేవాళ్ళు. వినడానికి బాగుంటుంది కానీ నాకు నమ్మబుద్ధి కాదు. తెలుగు పల్లెల పేర్లు అంత సులువుగా ఫిరంగి వాళ్ళ చేతికి చిక్కవు. అదట్లా ఉంచితే, కోట ఉన్న ఊరు ఆ రోజుల్లో బాగుపడ్డట్టే లెక్క. తాలూకా కచేరి, కోర్టు, బజారు అన్నీ ఆ చుట్టే పుట్టాయి. పల్లె మనిషికి మాత్రం జగిత్యాల చాలాకాలం భయపడుతూ పోయే చోటే. శిస్తు బాకీ ఉంటే పోవాలి, దొర కేసు పెడితే పోవాలి.

ఈ వరస ఒక్క రోజు తిరగబడింది. 1978 సెప్టెంబర్‌లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేల మంది రైతుకూలీలు జెండాలు పట్టుకుని జగిత్యాలకు నడిచి వచ్చారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. వెట్టి ఆపాలి, కూలి రేట్లు పెంచాలి, పంచాయితీల పేరు మీద దొరలు గుంజిన దండుగలు తిరిగివ్వాలి, ఆక్రమించుకున్న బంజరు భూములు వదిలెయ్యాలి అని అడిగారు. ఎమర్జెన్సీ ఎత్తేశాక పల్లెలకు తరలిన విద్యార్థులు, పల్లెల్లో పుట్టిన రైతుకూలీ సంఘాలు దీని వెనక ఉన్నాయి. అల్లం రాజయ్య నవల 'కొలిమంటుకున్నది' ఈ ప్రాంతపు రైతాంగ పోరాటాల్లోంచే వచ్చింది. పన్ను కట్టడానికో చేతులు కట్టుకోవడానికో కాక, అడగడానికి పల్లె పట్నానికి పోయిన రోజు అది.

జవాబు తొందరగానే వచ్చింది. అక్టోబర్‌లో చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తర్వాతి పాతికేళ్ళు పోలీసు క్యాంపులు, ఎన్‌కౌంటర్లు, ఇన్‌ఫార్మర్లన్న పేరుతో హత్యలు. మా బీర్పూర్ పేరు పత్రికల్లో వచ్చిందంటే ఒకే కారణం. ఒకప్పటి బడిపంతులు ముప్పాళ్ళ లక్ష్మణరావుది మా ఊరే. గణపతి అనే పేరుతో ఆయన 2004 నుంచి 2018 దాకా మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉన్నాడు. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ఊరి పేరు చెప్తే హాస్టల్లో ఒకడు వింతగా చూశాడు. మా అవ్వకు మాత్రం ఆ కాలం అంటే రాత్రి కుక్కలు మొరిగినప్పుడు దీపం ఆర్పెయ్యడం. వచ్చింది వీళ్ళో వాళ్ళో తెల్లారేదాకా తెలిసేది కాదు.

ఇక్కడ నాకు తట్టిన సంగతి ఒకటుంది. ఆ పోరాటాల వేడికి చాలామంది దొరలు గడీలకు తాళాలు వేసి పట్నాలకు చేరారు. జగిత్యాల, కరీంనగర్, హైదరాబాద్. పల్లెలో పొలం మీద పెట్టాల్సిన డబ్బు వాళ్ళతో పాటు పట్నానికి వచ్చింది. అదే కాలంలో శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ నీళ్ళొచ్చాయి, వడ్లు పండాయి, రైస్ మిల్లులు లేచాయి. ఎనభైల నాటి జగిత్యాల పెరుగుదలలో కాలువ నీళ్ళెన్నో, పల్లెలో నిలవలేక వచ్చిన డబ్బెంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. బయట నుంచి చూసినవాడికి మాత్రం ఊరు బాగుపడుతున్నట్టే కనిపించి ఉంటుంది.

తర్వాతి డబ్బు ఇంకా దూరం నుంచి వచ్చింది. కరీంనగర్ సాలోళ్ళు అంతకుముందే బొంబాయి, భీవండి, షోలాపూర్ మగ్గాలకు పోయి ఉన్నారు. డెబ్బైల్లో చమురు ధర పెరిగాక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ళ నుంచి దుబాయ్, సౌదీ, మస్కట్‌లకు దారి పడింది. భూమి లేనివాడు పోయాడు. భూమి ఉండీ బోర్లు ఎండినవాడు పోయాడు. పోలీసులకూ అన్నలకూ మధ్య నలిగినవాడూ పోయాడు.

మా బాపు మస్కట్‌లో పదకొండేళ్ళు మేస్త్రీ పని చేశాడు. నాకు ఆయన గొంతు మొదట తెలిసింది క్యాసెట్‌లో. సెలవు మీద ఎవరైనా వస్తుంటే మాటలు రికార్డు చేసి పంపేవాడు. నెలకోసారి శుక్రవారం అవ్వ నన్ను తీసుకుని జగిత్యాల బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌కు పోయేది. ఫోన్ ఆయనే అక్కడి నుంచి చేసేవాడు, అయినా ఎత్తినందుకు బూత్ అతను పైసలు తీసుకునేవాడు. మా ముందు బెంచీ మీద పదిహేను మంది ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. అందరిదీ అదే పని. జగిత్యాల అంటే నాకు ఆ బెంచీ. అప్పుడు తెలియలేదు కానీ, ఆ వీధిలోని బంగారం దుకాణాలు, బట్టల దుకాణాలు, డ్రాఫ్టులు మార్చే బ్యాంకులు అన్నీ ఆ బెంచీ మీదే నిలబడి ఉన్నాయి.

మరి ఇక్కడే పుట్టిన పని సంగతి? మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ చెరుకు రైతుకు నమ్మకంగా ఉండేది. 2015 చివర్లో మూతపడింది. సిరిసిల్ల సంగతి ఇంకా బాధాకరం. భీవండిలో పని నేర్చుకుని వచ్చినవాళ్ళు పెంచిన మరమగ్గాల ఊరు అది. అప్పుల్లో కూరుకుపోయి నేతన్నలు చేసుకున్న ఆత్మహత్యలతో ఒక దశలో రాష్ట్రమంతా దాని పేరు చెప్పుకుంది. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరిస్తే మగ్గాలు ఊపిరి పీల్చుకున్నాయి. ఆర్డర్ ఆగితే మగ్గమూ ఆగింది. రైలు మార్గానిదీ ఇదే వరస. పెద్దపల్లి నుంచి నిజామాబాద్‌కు 1993లో పి.వి. నరసింహారావు ప్రధానిగా శంకుస్థాపన చేస్తే, లైను పూర్తయింది 2017లో. లింగంపేట-జగిత్యాల స్టేషన్ మీదుగా నిజామాబాద్ దాకా రైలు పోయే నాటికి, ఈ చుట్టుపక్కల ఒక తరం ఎయిర్‌పోర్టు దారి నేర్చేసుకుంది.

నిలబడిన పని ఒకటుంది, దాని మీద ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. ఓడిపోయిన రాజధాని పొలాసలో ఇప్పుడు వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. అక్కడ తయారైన వరి రకాలకు జేజీఎల్ అని నంబరు పెడతారు, జగిత్యాల అని. జేజీఎల్ 384 పేరు పొలాస ప్రభ. జేజీఎల్ 1798 అంటే జగిత్యాల సన్నాలు. రాజ్యం పోయిన ఎనిమిది వందల ఏళ్ళకు పొలాస పేరు మళ్ళీ బయటి పొలాల్లోకి పోయింది. అదీ విత్తనంగా.

2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఒక జిల్లా. మా బీర్పూర్ మండలమైంది. 1978 అక్టోబర్‌లో కల్లోలిత ప్రాంతాలుగా ఒకే ఉత్తర్వులో కలిసి కనిపించిన రెండు పేర్లు, ముప్పై ఎనిమిదేళ్ళకు మళ్ళీ అదే నెలలో జిల్లా కేంద్రాలుగా కనిపించాయి. దీన్ని నేను చిన్న విషయం అనుకోను. మా తాత కచేరి మెట్లెక్కడానికి చెప్పులు విప్పేవాడట. ఇవాళ మా చిన్నమ్మ సోమవారం ప్రజావాణికి పోయి, దరఖాస్తు ఇచ్చి, రసీదు అడిగి మరీ తెచ్చుకుంటుంది. పని అవుతుందా కాదా అన్నది వేరే సంగతి. 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కరీంనగర్ దాకా పరుగెత్తాల్సిన రోగాలు కొన్ని ఇక్కడే ఆగుతున్నాయి. ఈ లెక్కలో జగిత్యాల బాగుపడింది. పల్లె మనిషి పట్నానికి పోతే కలిగే భయం నా కళ్ళ ముందే తగ్గింది. ఆ తగ్గుదలలో 1978లో నడిచొచ్చిన వాళ్ళ వాటా ఉంది.

అయితే జిల్లా అయిన రెండేళ్ళకే, 2018 సెప్టెంబర్ 11న, కొండగట్టు ఘాట్ రోడ్డు మీద జగిత్యాలకు వస్తున్న ఆర్టీసీ బస్సు లోయలోకి పోయింది. అందులో వందకు పైగా జనం ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది శనివారంపేట చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. ఆ రోజు నేను ఆఫీసులో ఉండి టీవీ వార్తలు చూస్తూ ఒకటే ఆలోచించాను. ఇంతమంది ఒకే బస్సులో ఎందుకు ఎక్కారు? జిల్లా కేంద్రం దగ్గరికి వచ్చింది కానీ దానికి పోయే బస్సు పెరగలేదు. ఆ ఊళ్ళలో పగలు ఇంటి పట్టున ఉండి బస్సెక్కేది ఎవరో కూడా ఆ పేర్లలోనే కనిపించింది. వయసు మగవాళ్ళ పేర్లు తక్కువ. మా ఊళ్ళు తెలిసినవాళ్ళకు కారణం విప్పి చెప్పక్కర్లేదు.

అందుకే నా కొలతలో లెక్క ఇట్లా తేలింది. భయం విషయంలో జగిత్యాల బాగుపడింది. పని విషయంలో దిగజారింది. ఊరు పెరిగిన ప్రతిసారీ ఆ డబ్బు ఊరు వదిలి పోయినవాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. గడీ వదిలిన దొర, దేశం వదిలిన కూలీ, ఇప్పుడు నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడు. అపార్ట్‌మెంటు ఈఎంఐలు కట్టగా మిగిలింది మేమంతా జగిత్యాల ప్లాట్ల మీద పెడుతున్నాం. గజం ధర పెరుగుతుంది. అక్క వీధిలో లైట్లు మాత్రం వెలగవు. బాపు రిపోర్టూ అక్క రిపోర్టూ రెండూ నిజమే. ఒకదానికి ఇంకోటి కారణం.

ఇదంతా దసరాకు ఇంటికి పోయినప్పుడు బాపుకు చెప్పాను. పొలవాస మేడరాజు దగ్గర ఆవులించాడు. కాకతీయ కాలువ దగ్గర రెండు తప్పులు దిద్దాడు. చివరికి నేనడిగాను, "ప్లాటు కొంటే ఆడ ఎవలుంటరు బాపూ? నువ్వు బీర్పూర్ ఇడ్శిపెట్టి ఉంటవా?"

"నేనెందుకుంట? ఎప్పుడన్న నువ్వొస్తవు గదా అని" అన్నాడు.

పదకొండేళ్ళు మస్కట్‌లో ఉండి తిరిగొచ్చిన మనిషి ఆయన. తిరిగి రావడం ఒకటే ఆయనకు తెలిసిన కొలత. వస్తే అక్కడ నాకు ఏం పని ఉంటుందో చెప్పమని ఆయన్ని అడగలేకపోయాను. వస్తానని కూడా అనలేకపోయాను. రెండెకరాలు అమ్మొద్దు అని మాత్రం చెప్పాను. సరే అన్నాడు. యాసంగికి మళ్ళీ జగిత్యాల సన్నాలే పెడతానని, నారు పోసే నాటికి విత్తనం పొలాస నుంచే తేవాలని, ఈసారి నన్నే పోయి తెమ్మని అన్నాడు. సెలవు పెట్టాను.