మూడో నంబరు

రా అల్లుడా, ఆ పీట లాక్కుని ఇటు కూర్చో. మంటకి మరీ దగ్గరగా జరక్కు, గాలి మళ్లిందంటే పొగంతా మొహాన కొడుతుంది. ఒరే ఒరే, ఆ జీడి తొక్కలు అందులో వెయ్యకు! నూనె చిమ్మితే చెయ్యి పొక్కుతుంది, ఆ పొగ కంటికి తగిలితే నీళ్లు ఆగవు. ఎండు కొబ్బరి మట్ట ఒకటి వెయ్యి, చాలు.

నువ్వు రాత్రుళ్లు నిద్రపోవడం లేదని మీ ఇంటిది మీ అత్త దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుందట. షుగరుందని పలాసలో కంటి ఫొటో తీశారు, కాగితం సోమవారం ఇస్తామన్నారు. అప్పట్నుంచీ ఒక కన్ను మూసి రెండో కంటితో క్యాలెండరు అంకెలు చూసుకుంటున్నావట. భయపడకు అని నేను చెప్పను. ఆ మాట అనడానికి కానీ ఖర్చు లేదు, విన్నవాడికి కానీ లాభం లేదు. మా కాలం ముచ్చట్లు నాలుగు చెబుతాను, విను.

మా పెదనాన్న నీకు తెలీడులే, నువ్వు పుట్టకముందే పోయాడు. కొబ్బరి చెట్టు మొదట్లో నిల్చుని, తలెత్తి చూసి, గెలలో ఎన్ని కాయలున్నాయో చెప్పీవాడు. దింపాక లెక్కపెడితే ఒకటో రెండో తేడా. అలాంటి మనిషికి యాభై దాటాక దాహం పట్టుకుంది. రాత్రి తలాపున చెంబు చాలక కుండే పెట్టుకునీవాడు. పెరట్లో గోడవార ఆయన వెళ్లొచ్చిన చోట తెల్లారేసరికి చీమల బారు. అది చూసి మా నాన్నమ్మ అతిమూత్రం అంది, ఇప్పటి మాటలో షుగరు. పేరైతే పెట్టింది గానీ మందేదీ? పత్యం అని వరన్నం మాన్పించి చోడి అంబలి పోసీవారు. పనసపళ్ల రోజులొచ్చాయంటే ఆ పత్యం కాస్తా గాలికి పోయీది.

కళ్ల సంగతి లాంతరుతో మొదలైంది. గ్లాసు మసిబారింది, తుడవండే అని కోడళ్ల మీద కేకలేసీవాడు. వాళ్లు బూడిదతో తోమి, పాత పంచె ముక్కతో తుడిచి, వెలుతురుకి పట్టుకుని చూసి మళ్లీ తగిలించీవారు. గ్లాసు తళతళలాడీది. ఆయనది మళ్లీ అదే కేక. కొన్నాళ్లకి పట్టపగలే కాయల లెక్క తప్పాడు. ఆ తర్వాత ఒక పొద్దున్న కళ్ల ముందు సాలెగూడు వేలాడుతోందని చేత్తో గాల్లో తోసుకుంటూ కనిపించాడు. ఏడాది తిరక్కుండా రెండు కళ్లూ పోయాయి. మేం శుక్లాలనుకున్నాం. ఆ రోజుల్లో కంటి పొరని సూదితో కిందికి దించీవాళ్లు ఊరూరా తిరిగీవారు, వాళ్లకీ చూపించారు. ఇందులో పొర లేదు అని చెప్పి వెళ్లిపోయారు. చెయ్యి పెట్టకుండా పోవడమే వాళ్లు చేసిన పుణ్యం.

ఒకటి గమనించు. ఆ మనిషి చూపు పోయేదాకా ఒక్కపూట కూడా కళ్ల గురించి బెంగ పెట్టుకోలేదు. పెట్టుకోడానికి ఆయనకి ఏటి తెలుసని? కంటి లోపలికి చూసిన నాథుడు లేడు. లోపల చూసే అద్దాన్ని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే ఆయన 1851లోనే చేసిపెట్టాడు. అది మా పెదనాన్న కంటి దాకా రానే లేదు. కన్ను బాగా కనిపిస్తుండగానే కంటి గురించి భయపడే యోగం నీకు పట్టింది. నవ్వకు, యోగమే అంటున్నాను.

తర్వాత నేను ఆసుపత్రిలో కాంపౌండరు చేతికింద చేరాను. వేలు గుచ్చి చిటికెలో అంకె చెప్పే మిషన్లు అప్పుడెక్కడివి? గాజు గొట్టంలో నీలం రంగు బెనెడిక్టు మందు పోసి, అందులో ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచీవాళ్లం. గొట్టం మూతి మనుషుల వైపు లేకుండా తిప్పి పట్టుకోవాలి, కదుపుతూనే ఉండాలి, లేదంటే గుప్పుమని చిమ్ముతుంది. నీలం నీలంగానే ఉంటే షుగరు పడనట్టు. ఆకుపచ్చ తిరిగితే కొంచెం. అక్కణ్నుంచి పసుపు, నారింజ, ఆఖరికి ఇటుక రంగు. నిమిషాల పనే గానీ ఆ కాసేపూ ఎదుటి మనిషి ఊపిరి వినిపించీది కాదు.

ఎండు చేపలమ్మే ఒకావిడ వచ్చీది. గొట్టం దీపం మీద పెట్టగానే గోడ వైపు తిరిగి నిల్చునీది. నువ్వే చూడు బాబూ, బాగుంటే చెప్పు, లేకపోతే ఊరుకో అనీది. ఊరుకుంటే ఎలా? ఒకరోజు ఇటుక రంగే వచ్చింది, ఉన్నమాట చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ ఇటు తిరిగి, కొంగు దోపుకుని, అయితే ఇప్పుడేటి చెయ్యాలో చెప్పు అంది. అంతసేపూ ఆవిడకి చెయ్యడానికి పని లేదు, రంగు తెలిశాక పని దొరికింది. రిపోర్టు కోసం కూర్చున్న మనిషిని చంపేది ఈ పనిలేకపోవడమే అని నాకు అప్పుడు తోచింది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఇన్సులిన్ 1921లో కెనడాలో కనిపెట్టారు, మరుసటేడు జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల గుంటడికి మొదట ఇచ్చారు. మా చేతికొచ్చినది గొడ్ల నుంచీ పందుల నుంచీ తీసిన మందు. ఫ్రిజ్జులు లేని ఇళ్లలో తడి ఇసక పోసిన కుండలో ఆ బుడ్డి దాచుకోమనీవాళ్లం. గాజు సిరంజి నీళ్లలో మరగబెట్టి, చల్లారాక గుచ్చీవాళ్లం. అదంతా ఇంకోరోజు చెబుతాను.

ఇప్పుడు గ్రహణం ముచ్చట. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టింది. పైనున్న పూరీ, కోణార్కల్లో సంపూర్ణం. ఇక్కడ మధ్యాహ్నం నుంచే తలుపులు బిడాయించుకున్నాం, చూస్తే కళ్లు పోతాయని గుంటల్ని మంచాల కింద దాచాం. మంచాల కింద దాచడం వెర్రే గానీ, ఉత్త కళ్లతో చూస్తే కళ్లు పోతాయన్నది నిజమే. 1945లో జర్మనీలో వైద్యం చదివే కుర్రాడొకడు గ్రహణాన్ని అలాగే చూసి కంటి లోపలి పొర కాల్చుకున్నాడట. ఆ కాలిన మచ్చని మేయర్ ష్వికెరాత్ అనే డాక్టరు చూశాడు. అందరూ అయ్యో అనుకుంటే ఈయనకి ఇంకో ఆలోచన వచ్చింది. వెలుగు అంత చిన్న చోట అంత కచ్చితంగా కాల్చగలిగితే, మనకి కావలసిన చోట మనమే కాల్చి వైద్యం ఎందుకు చెయ్యకూడదు? మొదట సూర్యుడి వెలుగునే అద్దాలతో కంట్లోకి మళ్లించాడు. తర్వాత పెద్ద దీపాలొచ్చాయి, ఆ వెనక లేజరు వచ్చింది. ముదిరిన షుగరు కళ్లకి ఈ వైద్యం చేస్తే చూపు బాగా పడిపోయే ప్రమాదం సగానికి సగం తగ్గుతుందని 1976లో అమెరికావాళ్ల పెద్ద పరీక్షలో తేలింది.

ఈ కథ నాకెలా తెలుసంటావా? విశాఖలో నాకు లేజరు చేసిన డాక్టరుగారు చెప్పారు. అవును, నాకూ చేశారు, నీకు తెలీదు కదూ! గడ్డం ఒక పట్టీ మీద ఆనించి కూర్చోబెట్టారు. కళ్లలో పచ్చటి మెరుపులు, ఒకదాని వెంట ఒకటి. మధ్యమధ్య లోపల చురుక్కుమంది. పోయిన చూపు అది వెనక్కి తేదు, ఉన్నది నిలబెడుతుంది. చీకట్లో చూపు కాస్త మందగించింది, అందుకే పొద్దుగూకితే టార్చి లేకుండా కదలను. దాచడం ఎందుకు, ఆ మేరకి నష్టమే. అయినా ఇప్పటికీ తోటలో గెల చూసి కాయలు చెబుతాను. ఈ కాలంలో కంట్లోకి ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, చూపు నడిమి భాగంలో నీరు చేరితే ఇస్తారు. కంట్లోకి సూది అంటే నాకూ ఒళ్లు జలదరిస్తుంది గానీ, చేయించుకున్నవాళ్లు మాత్రం మందు చుక్కలతో తిమ్మిరెక్కిస్తారు, అనుకున్నంత ఉండదు అంటున్నారు.

నీ అసలు భయం కంటిది కాదని, కిడ్నీదని నాకు తెలుసు. ఉద్దానంలో పుట్టినవాడికి కాగితం అంటేనే గుండె జారుతుంది. క్రియాటినిన్ అనే మాట మన దగ్గర బడిపిల్లలు కూడా తప్పు లేకుండా పలుకుతారు. ఊళ్లో క్యాంపు పెట్టి రక్తం తీస్తామంటే తోటల్లోకి పోయి కూర్చున్నవాళ్లు ఉన్నారు. తాగడానికి వంశధార నీళ్లు హిరమండలం నుంచి వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అయినా ఆ భయం పోలేదు. కంట్లో షుగరు మచ్చ అంటే కిడ్నీ కూడా పోయినట్టే అని నీకెవరో చెప్పుంటారు. మన ఉద్దానం కిడ్నీ జబ్బు చాలామందికి షుగరు లేకుండానే వస్తోంది, అది వేరే లెక్క. షుగరున్నవాళ్లకి కంట్లోనూ కిడ్నీలోనూ సన్నటి రక్తనాళాలే దెబ్బతింటాయి, అంచేత ఒకచోట ఏదైనా కనిపిస్తే రెండోచోట కూడా చూడమంటారు. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. చూడమన్నారంటే ఉన్నట్టు కాదు.

మరి ఆ కాగితంలో ఏముండొచ్చు? తుఫాను రోజుల్లో రేడియో చుట్టూ కూర్చునీవాళ్లం గుర్తుందా? కళింగపట్నంలో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు అంటే పడవలు పైకి లాగీవారు, వలలు ఇళ్లలోకి తెచ్చుకునీవారు. పదో నంబరు అంటే పిల్లాపాపల్తో ఊరు ఖాళీ. మూడో నంబరు విని పదో నంబరంత ఏడ్చినవాణ్ని నేను చూడలేదు. ఈ కంటి కాగితమూ అంతే. ఏమీ లేదు అని రాస్తే ఏడాదికి మళ్లీ రమ్మంటారు. తొలిదశ అని రాస్తే సన్ననాళాల మీద చిన్న బుడిపెలు కనిపించాయని అర్థం. కంటికి అప్పుడే ఏ వైద్యమూ చెయ్యరు, షుగరూ బీపీ అదుపులో పెట్టుకోమని, చెప్పిన గడువుకి రమ్మని అంటారు. అది మూడో నంబరు. కొత్త నాళాలు మొలుస్తున్నాయనో, నడిమిన వాపు ఉందనో రాస్తే ఆలస్యం చెయ్యకుండా పెద్ద ఆసుపత్రికి పోవాలి. విశాఖలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 2006 నుంచీ ఉంది, మా రోజుల్లోలాగ హైదరాబాదు రైలెక్కనక్కర్లేదు. పదో నంబరుకైనా ఊరు కదిలే టైముంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మనుషులం పక్కకి జరగగలిగాం, చెట్లే జరగలేకపోయాయి.

ఇంకొకటి కూడా రాయొచ్చు. ఫొటో సరిగ్గా రాలేదు, మళ్లీ రండి అని. దానికి హడలిపోకు. కంటిపాప చిన్నగా ఉన్నా, శుక్లం కాస్త మొదలైనా ఫొటో మసగ్గా వస్తుంది. అప్పుడు చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక డాక్టరే లోపల చూస్తారు. చుక్కలేశాక కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ భరించలేం. బండి నడపకూడదు. నల్లద్దాలు నావి ఉన్నాయి, తీసుకెళ్దాం.

ఆ క్యాలెండరు పరీక్ష మాత్రం మానెయ్యి. షుగరు పైకీ కిందికీ ఊగుతున్నప్పుడు చూపు వారంలోనే మారుతుంది, అది కళ్లజోడు సంగతి. లోపలి పొర జబ్బు మొదట్లో నొప్పీ పెట్టదు, చూపూ తగ్గించదు. నువ్వు గోడకి ఎదురుగా నిలబడి ఎంత చూసినా అది నీకు దొరకదు. హఠాత్తుగా నల్ల చుక్కలు రాలుతున్నట్టో, తెర దిగినట్టో అయితే మాత్రం సోమవారం దాకా ఆగకు, ఆ నిమిషమే బయల్దేరు. ఇక ఈ బెంగతో తిండి మానేస్తే, మాత్రలు మరిచిపోతే, రాత్రంతా మేలుకుంటే షుగరే పెరుగుతుంది. ఈ రెండు రోజులూ మాత్రలు వేళకి వేసుకో, సాయంత్రం సముద్రం దాకా నాతో నడు. అడగాల్సినవన్నీ మీ పిల్ల చేత కాగితం మీద రాయించు. ఏ దశ, ఏ కన్ను, మళ్లీ ఎప్పుడు రావాలి, బీపీ ఎంతుండాలి. అక్కడికెళ్లాక నోరు పెగలదు, నాకు తెలుసు.

సోమవారం కాశీబుగ్గ ఆటోకి నేనూ వస్తాను. ఇడ్లీ తినే బయల్దేరు. పరగడుపున రమ్మనేది రక్తం పరీక్షకి గానీ కంటి కాగితానికి కాదు.