ఎవరెస్టు సాలీడు

1924 జూన్ 8న మాలరీ, ఇర్విన్ అనే ఇద్దరు పర్వతారోహకులు ఎవరెస్టు శిఖరానికి చేరువలో మేఘాల మాటున అదృశ్యమయ్యారు. ఆనాటి బ్రిటిష్ యాత్ర అనగానే లోకానికి ఈ విషాదమే జ్ఞాపకం వస్తుంది. కాని అదే యాత్ర జీవశాస్త్రానికి ఒక చిన్న సాలీడును, దానితో పాటు ఒక పెద్ద ప్రశ్నను తెచ్చి ఇచ్చింది.

ఆ యాత్రలో వైద్యుడుగాను, ప్రకృతి పరిశీలకుడుగాను ఉన్నవాడు ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన మేజర్ హింగ్‌స్టన్. మంచు వెలుగుకు చూపు దెబ్బతిన్న నాయకుడు నార్టన్‌ను కిందికి తీసికొని రావడానికి ఉత్తరపు కనుమ శిబిరం దాకా ఎక్కినవాడు ఆయనే. ఆయన సుమారు 22,000 అడుగుల ఎత్తున, అనగా 6,700 మీటర్ల వద్ద, రాళ్ళ మధ్య తిరుగుతున్న చిన్న నల్లని సాలీళ్ళను చూశాడు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం వద్ద ఉండేదానిలో సగం కూడ లేదు. చుట్టూ మంచు, పచ్చని మొక్క చాలా దిగువనే ఆగిపోయింది.

ఇవి సాల్టిసిడే కుటుంబానికి చెందిన దుమికే సాలీళ్ళు. మన ఇండ్ల గోడలమీద ఈగను పొంచి, ఒక్క గంతున పట్టుకొనే చిన్న సాలీడు ఈ కుటుంబంలోనిదే. ఇవి ఆహారం కోసం గూడు అల్లి కాచుకొని ఉండవు. వీటికి ఎనిమిది కళ్ళు. ముందున్న రెండు పెద్ద కళ్ళతో ఎరను స్పష్టంగా చూసి, దూరం అంచనా కట్టి దుముకుతాయి. వెనుక కాళ్ళలోకి శరీరద్రవాన్ని ఒత్తిడితో పంపడంవల్ల కాళ్ళు ఒక్కసారిగా చాచుకొంటాయి. గంతుకు బలం అక్కడినుండి వస్తుంది.

మొక్క లేనిచోట వేటాడే జంతువు ఏమి తిని బ్రతుకుతుంది? ఇవి ఒకదానినొకటి తింటున్నవని హింగ్‌స్టన్ భావించాడు. కాని ఈ సమాధానం నిలువదు. ఒక సాలీడు మరొకదానిని తిన్నప్పుడు ఆ ఆహారమంతా శరీరంగా మారదు. కొంత కదలికకు, కొంత శ్వాసక్రియకు ఖర్చవుతుంది. బయటినుండి ఏమీ రాకపోతే, ఊట లేని బావిలో నీళ్ళు తోడినట్లు, కొద్దికాలంలోనే ఆ సంతతి అంతరిస్తుంది. కాబట్టి ఎక్కడినుండో ఆహారం వచ్చి తీరాలి.

ఆ దారిని విశదపరచినవాడు డార్జిలింగులో జన్మించిన అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు లారెన్స్ స్వాన్. ఆయన 1954లో కాలిఫోర్నియా బృందంతో మకాలు పర్వతానికి వెళ్ళి, అక్కడి ఎత్తైన వాలులమీద ఇట్టి సాలీళ్ళను పరిశీలించాడు. ఆహారాన్ని మోసుకొని వచ్చేది గాలి అని ఆయన వివరించాడు. దిగువ లోయలనుండి పైకి వీచే గాలి పుప్పొడిని, ఎండిన ఆకుల తునకలను, చచ్చిన పురుగులను తెచ్చి రాళ్ళ సందులలో వదలుతుంది. ఆ చెత్తను, దానిపై పెరిగే బూజును రెక్కలు లేని స్ప్రింగ్‌టెయిల్ అనే అతి చిన్న ప్రాణులు తింటాయి. వాటిని, కొన్ని ఈగలను సాలీళ్ళు పట్టి తింటాయి. స్వాన్ ఈ విషయాలను 1961లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ప్రకటించాడు. గాలి తెచ్చే ఆహారంపై ఆధారపడిన ఈ ప్రాంతానికి, గ్రీకుల వాయుదేవుని పేరిట, ఏయోలియన్ మండలమని పేరు పెట్టాడు. మొక్కలు అక్కడ లేకపోయినా, ఆ ప్రాణులను పోషిస్తున్నది దిగువనున్న మొక్కలే.

ఇంత తెలిసినా ఆ సాలీడుకు ఇంకా శాస్త్రీయనామం లేదు! ఒక కొత్త జాతిని వర్ణించడమంటే పేరు పెట్టి ఊరుకోవడం కాదు. అంతవరకు తెలిసిన దగ్గరి జాతులన్నిటితో పోల్చి, భేదం ఎక్కడ ఉన్నదో మాటలతోను, బొమ్మలతోను చూపాలి. సాలీళ్ళలో ఈ భేదం ముఖ్యంగా ఎదిగిన మగదాని ముందరి స్పర్శాంగాలలోను, ఎదిగిన ఆడదాని జననాంగాలలోను కనబడుతుంది. అందుచేత పిల్ల సాలీళ్ళు ఎన్ని దొరికినా జాతి నిర్ణయం కష్టమే. వర్ణనకు ఆధారమైన నమూనాను, తరువాతివారు మళ్ళీ సరిచూసుకొనేందుకు, సంగ్రహాలయంలో భద్రపరచాలి.

ఈ పనిని లండన్‌లోని బ్రిటిష్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పనిచేసిన వాన్‌లెస్ 1975లో పూర్తిచేశాడు. ఎవరెస్టు, మకాలు పర్వతాల ఎగువ వాలులలోని దుమికే సాలీళ్ళను పరీక్షించి, ఒక జాతికి యూఫ్రిస్ ఓమ్నిసూపర్‌స్టెస్ అని నామకరణం చేశాడు. లాటిన్ భాషలో దీనికి ‘అన్నిటికంటె పైన నిలిచినది’ అని అర్థం. భూమిమీద అత్యున్నత స్థలంలో స్థిరంగా నివసించే జంతువులను పేర్కొనేటప్పుడు దీనిని తప్పక చెప్తారు. అదే వ్యాసంలో యూఫ్రిస్ ఎవరెస్టెన్సిస్ అనే మరొక జాతినికూడ వర్ణించాడు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. పేరు లేనంతకాలం ‘ఎవరెస్టు సాలీడు’ అని అందరూ ఏకవచనంలోనే చెప్పుకొన్నారు. పోల్చి చూసిన తరువాతనే ఆ ఎత్తులలో ఒకటికంటె ఎక్కువ జాతులున్నవని తేలింది. ఒకరు చూసినది, మరొకరు చూసినది ఒకే జంతువా, కాదా అని నిశ్చయించడానికి వర్ణన తప్ప వేరే సాధనం లేదు.

చూసినది 1924లో, ఆహారం తెలిసినది 1961 నాటికి, పేరు వచ్చినది 1975లో. చూపు ఒకరిది, ప్రశ్నకు జవాబు మరొకరిది, నామకరణం వేరొకరిది. కొండ ఎక్కినవాని చేతిలోని చిన్న సీసాకు, సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాని ఓపికకు మధ్య యాభై ఒక్క సంవత్సరాలు గడిచాయి.