వసంతకాలమున బడి లెక్క

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరికవేళల భారత భాగవతములను, ఈ గ్రంథాలయమందలి చరిత్ర గ్రంథములను నాకు చేతనైనంతవఱకు చదువుకొన్నవాడను. కావున నా వృత్తికి తగిన విషయమునే యెన్నుకొంటిని. దోషములున్న పెద్దలు మన్నింతురుగాక.

శాస్త్రప్రకారము చైత్ర వైశాఖములు వసంతర్తువు. అయినను శివరాత్రి దాటి చలి తగ్గి, మోదుగ పూచి, మామిడి పిందె పట్టినది మొదలు మన కన్నులకు వసంతమే. లెక్కలు వ్రాయువానికి మాత్రము ఇది కోకిలకూతల కాలము కాదు. జమలు, ఖర్చులు సరిచూచి, బాకీలు తేల్చి, మార్చి 31వ తేదీ రాత్రికి నిలువ కట్టవలసిన కాలము. ఆ వెంటనే ఉగాది వచ్చును. రామాలయమున సిద్ధాంతిగారు పంచాంగము విప్పి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత యని చదువగా ఊరెల్ల చెవియొగ్గి వినును. ఇట్లు వసంతము మనకు పండుగయే కాక లెక్క చూచుకొను ఋతువును అయినది.

చరిత్రను పరిశీలింపగా మన పిల్లల చదువునకు సంబంధించిన పెద్ద లెక్కలును ఈ ఋతువుననే తేలినట్లు నాకు కానవచ్చినది. వానిలో నాలుగింటిని ఇచట మనవి చేసెదను.

మొదటిది మన్రో దొర లెక్క. సర్ థామస్ మన్రో 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, పిమ్మట మద్రాసు గవర్నరయ్యెను. 1822 జూన్ 25వ తేదీన అతడు రాజధానిలోని కలెక్టర్లందఱకు ఉత్తరువిచ్చి, మీ జిల్లాలలో బడులెన్ని, చదువు పిల్లలెందఱు, వారేమి చదువుచున్నారు అని తెలియజేయుడనెను. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన నివేదిక వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతమును, ఆదోని, ఆలూరు, రాయదుర్గము సీమలును చేరియుండెను. కావున అది సగపాలు మన తెలుగువారి చరిత్రయే.

ఆ నివేదిక ప్రకారము జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. అందు కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226, మిగిలినవి మరాఠీ, పారసీ, సంస్కృతము మొదలగునవి. చదువు పిల్లలు 6,641 మంది. అనగా వేయిమంది జనులకు ఇంచుమించు ఏడుగురు. ఒక్కొక్క బడికి పండ్రెండుగురు, పదుమువ్వురు. కలెక్టర్లందఱి జాబులు చేరిన పిమ్మట 1826 మార్చి 10వ తేదీన మన్రో తన అభిప్రాయపత్రమును వ్రాసెను. రాజధాని మొత్తముమీద 1,28,50,941 మంది జనులకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలిరి. వేయిమందికి ఒక బడి చొప్పున ఉన్నదని అతడు గణించెను. అయిదేండ్లు మొదలు పదేండ్ల లోపు బాలురు 7,13,000 మంది యుందురనియు, అందు బడికి వచ్చువారు 1,84,110 మంది యనియు లెక్కకట్టి, ఇండ్లలో చదువుకొనువారిని గూడ చేర్చినచో మగపిల్లలలో మూడవవంతు మందికి చదువు దొరకుచున్నదని నిర్ణయించెను.

ఈ బడులు ఎట్టివో కాంబెల్ వర్ణించినాడు. మన పెద్దలు చెప్పిన వీధిబడియే యది. అయిదవ యేట శుభదినమున అయ్యవారిని, బడిపిల్లలను ఇంటికి పిలిచి, విఘ్నేశ్వర పూజ జరిపి, పళ్ళెరములోని బియ్యముపై బాలుని వ్రేలు పట్టించి వ్రాయించెడివారు. మఱునాటి నుండి చదువు. ఉదయము ఆఱుగంటలకే బడి. ముందుగా వచ్చినవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఇట్లు వరుసగా పెరుగును. దీనినే మన ముసలివారు శ్రీ, చుక్క యని చెప్పుకొనెడివారు. సోమరికి కోదండము, గుంజీలు తప్పవు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్ది, పిదప ఆకులపై వ్రాయుట నేర్చెడివారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పెడివారు. ఈ పద్ధతి మిక్కిలి మెచ్చదగినదనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట సమంజసమే యనియు కాంబెల్ వ్రాసెను. ఏలయనగా 1789 నుండి మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమమున పనిచేసిన ఆండ్రూ బెల్ అను క్రైస్తవ మతాచార్యుడు మనదేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతినే తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో దానినిగూర్చి లండనులో పుస్తకము ప్రకటించినాడు. మన వీధి యరుగు విద్య ఓడనెక్కి సీమకు పోయినదని గర్వపడుటలో తప్పులేదు.

కాని లెక్కలు వ్రాయువాడు జమవైపు మాత్రమే చూచి చిట్టా మూయరాదు, ఖర్చువైపును చూడవలెను. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. అఱువది మందియే! ఊరికి వెలుపలి వాడల పిల్లలకు ఆ యరుగు అందుట దుర్లభము. పిల్లలు పద్యములను కంఠస్థము చేయుచున్నారే కాని యర్థము నెఱుగరని కాంబెల్ నిష్ఠురముగా వ్రాసెను. మఱియు పూర్వము బడులున్న అనేక గ్రామములలో ఇప్పుడవి లేవనియు, దేశము నానాటికి దరిద్రమగుటయే దానికి కారణమనియు, సీమవస్త్రములు వచ్చి మన నేతగాండ్ర జీవనము చెడినదనియు గూడ ఆ దొరయే యొప్పుకొనినాడు. తల్లిదండ్రుల కడుపు నిండనిదే పిల్లవాని చేతికి గంటము రాదని దీని తాత్పర్యము.

ఉపాధ్యాయుని స్థితియు అంతంతమాత్రమే. పిల్లవానికి నెలకు నాలుగణాలు మొదలు ఎనిమిదణాల వఱకు జీతమనియు, పంతులకు నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాదనియు, అంతమాత్రమునకు యోగ్యులు దొరకరనియు మన్రో వ్రాసెను. ప్రతి కలెక్టరేటునకు రెండు పెద్దబడులను, ప్రతి తహసీలునకు ఒక బడిని సర్కారు ఖర్చుతో పెట్టవలెనని అతడు సూచించెను. కాని 1827 జూలై 6వ తేదీన పత్తికొండవద్ద విషూచి సోకి మరణించెను. అతడు తలపెట్టిన బడులు కొన్ని యేండ్లు నడచి 1836లో ఎత్తివేయబడినవి. మొదటి లెక్క యిట్లు బాకీతో ముగిసినది.

రెండవది గోపాలకృష్ణ గోఖలేగారి లెక్క. ఆయన 1911 మార్చి 16వ తేదీన ప్రాథమిక విద్యా బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టెను. ఆఱు మొదలు పదేండ్ల వయస్సుగల బాలురను బడికి పంపుట తప్పనిసరి చేయు అధికారమును స్థానిక సంస్థలకు ఇయ్యవలెననియు, ఖర్చులో మూడింట రెండువంతులు సర్కారు భరింపవలెననియు అందలి ముఖ్యాంశములు. ఎంత మితమైన కోరిక! అయినను 1912 మార్చి 19వ తేదీన 38 వోట్లు ప్రతికూలముగను, 13 వోట్లు అనుకూలముగను రాగా బిల్లు వీగిపోయెను. వీగిపోయినను విత్తనము చావలేదు. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము వచ్చినది.

మూడవది మన గ్రంథాలయమునకు నేరుగా సంబంధించినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము. గోఖలేగారి బిల్లు పోయిన రెండేండ్లకే, సర్కారు చేయని పనిని ఊళ్ళు తమంతట తాము చేసికొనుటకు పూనుకొనినవి. బడి మానిన పెద్దవారికి గ్రంథాలయమే బడి యయ్యెను. ఆ చెట్టుకు పూచిన చిన్న కొమ్మయే ఇరువదియైదేండ్ల మన గ్రంథాలయమని నేను తలంతును.

నాలుగవది మన కాలమునాటిది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువఱకు బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలో సమకూర్ప యత్నింపవలెనని చెప్పెను. పదేండ్లు గడచినవి; ఇరువది గడచినవి. తుదకు 2009లో చట్టము చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి, ఆఱు మొదలు పదునాలుగేండ్ల వయస్సుగల ప్రతి శిశువునకు చదువు హక్కైనది. గోఖలేగారు కోరి నూఱేండ్లకు ఒక్క యేడు తక్కువ. 2011 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గొని చేసిన జనగణనలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యత నూటికి 67.02, స్త్రీలలో 59.15. కాంబెల్ నాటి అఱువది మంది బాలికలతో పోల్చినచో ఇది గొప్ప జమయే. కాని నూటికి నలువదిమంది తల్లులు, అక్కచెల్లెండ్రు ఇంకను ఖర్చువైపే యుండిరి.

ఇక మన యూరి సంగతి. మార్చి నడుమ నుండి ఒంటిపూట బడులు మొదలగును. ఉదయము చల్లనివేళ పిల్లలు వచ్చి, వార్షిక పరీక్షలకు పాఠములు వల్లించి, మధ్యాహ్నమునకు ఇండ్లకు చేరుదురు. శ్రీరామనవమికి పానకము, వడపప్పు, వార్షికోత్సవమునకు రంగుకాగితపు తోరణములు. చూచువారికి కన్నుల పండువు. కాని హాజరుపట్టీ విప్పి చూచినవారికి వేఱొక సంగతి తెలియును. బడిలో పేరు తెగిపోవు కాలము కూడ నిదియే. మిరపకోతలకు, ఇటుక బట్టీలకు కుటుంబములు తరలిపోవు దినములివి. తల్లి కోతకు పోగా చంటివానిని ఎత్తుకొనుటకు అక్క కావలెను. ఆ అక్క వయస్సు ఎనిమిదేండ్లు.

ఇందుకు నేనెఱిగిన యొక నిదర్శనము చెప్పెదను. నాతో రెండవ తరగతి చదివిన యొక బాలిక ఎక్కములలో నాకంటె ఘనురాలు. పదునాఱవ యెక్కమును నేను తడబడుచుండగా ఆమె గుక్కతిప్పుకొనక ఒప్పజెప్పెడిది. ఒక యేడు శివరాత్రి దాటగనే ఆమె తల్లిదండ్రులు మిరపకోతలకు గుంటూరు సీమకు పోయిరి. ఉగాదికి తిరిగివచ్చిరి. అప్పటికి హాజరుపట్టీలో ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టి పేరు కొట్టివేసియుండిరి. ఎవరును ఆ యింటికి పోయి అడుగలేదు, నేనును అడుగలేదు. మొన్న ఆమె పింఛను కాగితము పట్టుకొని నాయొద్దకు వచ్చినది. సంతకము చేయుమని చూపగా, నవ్వి బొటనవ్రేలు చాచినది. సిరాపెట్టె ముందునకు త్రోయుటకు నా చేయి ఆడలేదు.

మన్రో లెక్కకును మన లెక్కకును భేదమేమి? అతడు రాజ్యమునకు గావలసి లెక్క చూచెను. మనము మన పిల్లలకొఱకు చూచుకొనవలెను. చట్టమున్నది, బడియున్నది, మధ్యాహ్న భోజనమున్నది. లేనిదొక్కటే: ఏ పిల్ల ఏ దినమున రాలేదో గమనించి, ఆ సాయంకాలమే వారి గడపలో నిలిచి, అమ్మా, పాప బడికి రాలేదేమి, అని యడుగు మనుష్యుడు. ఆ మనుష్యుడు సర్కారు ఉత్తరువుతో పుట్టడు.

కావున సభ్యమహాశయులకు మూడు మనవులు. మొదటిది: వచ్చు ఉగాదినాడు పంచాంగశ్రవణము ముగియగనే, అదే అరుగుమీద మన బడి యొక్క ఆదాయవ్యయములను గూడ చదువవలెను. ఊరిలో ఆఱేండ్లు నిండిన పిల్లలెందఱు, బడిలో పేరున్నవారెందఱు, మార్చి నెలలో నిజముగా వచ్చినవారెందఱు అను మూడంకెలు చాలును. ఆ పట్టికను వ్రాయు పని నేను పైసా పుచ్చుకొనక చేసెదను. రెండవది: కోతలకు పోవు కుటుంబములు తమ పిల్లలను ఊరనే విడిచిపోగలుగునట్లు, ఆ రెండు నెలలు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క యిల్లు అన్నము పెట్టి పడక చూపవలెను. పూర్వము వారములు చెప్పుకొని పేద విద్యార్థులను పోషించిన యూళ్ళకు ఇది క్రొత్త ధర్మము కాదు. మూడవది: ఒంటిపూట బడుల దినములలో మధ్యాహ్నము మన గ్రంథాలయపు తలుపులు పిల్లలకొఱకు తెఱచియుంచవలెను. ఎండలో తిరుగువారికి నీడయు, చేతికి బొమ్మల పుస్తకమును దొరకును.

ఇరువదియైదేండ్లలో మన గ్రంథాలయము బీరువాలను నింపినది. బంగారు పండుగనాటికి ఈ యూరి లెక్కలు వ్రాయువాని బల్లమీద సిరాపెట్టె ఎండిపోవలెనని నా కోరిక. నాడు ఈ సంచికను చదువువారు మా తప్పొప్పులను సరిచూచి, మేము విడిచిన బాకీని తీర్చినట్లు వ్రాసికొందురుగాక.

స్వస్తి.