పొత్తు వ్యాపారములలో వాటాయు విద్యయు



వ్యాకరణపాఠములు చెప్పి తల నెరసిన నాకు వర్తకచరిత్రముతో పని యేమని మీరడుగవచ్చును. నేను బడిపంతులుగా జేరిన 1984వ సంవత్సరముననే హీరో హోండా అను పొత్తుసంస్థయు పుట్టినది. ఆ పేరు వినినంతనే, “ఇది ద్వంద్వసమాసము, రెండు పదములకును సమానప్రాధాన్యము” అని పిల్లలకు జెప్పితిని.

వాటాలును అట్లే యుండెను. లూధియానాలో సైకిళ్లు చేయించు ముంజాల్ సోదరుల హీరో పక్షమునకు నూటికి 26 పాళ్లు, జపాను దేశపు హోండాకు 26 పాళ్లు, తక్కినవి ఇతరులవి. ఈ 26 ఊరక యేర్పడిన సంఖ్య కాదు. మన కంపెనీచట్టము ననుసరించి ప్రత్యేక తీర్మానము నెగ్గుటకు వోట్లలో నూటికి 75 కావలయును. కావున 26 పాళ్లు గలవాడు దాని నాపగలడు.

వాటాలు సమానములే గాని విద్యలు వేఱు. ఇంజను విద్య హోండాది. విడిభాగములు చేయువారిని కూడగట్టుట, ఊరూర అంగళ్లు నెలకొల్పుట, కొనువాని మనసెఱుగుట హీరో విద్య. హర్యానాలోని ధారూహేరా కర్మాగారమునుండి 1985లో సీడీ 100 వెలువడెను. నాటి మన మోటారుసైకిళ్లు పెక్కు టూస్ట్రోకువి, ఇది ఫోర్‌స్ట్రోకుది. కొలది పెట్రోలుతో చాలదూరము నడచుటచే సామాన్యుని కందివచ్చెను. 2001 నాటికి, బండ్ల సంఖ్యనుబట్టి చూడగా, ఈ సంస్థ లోకమందలి ద్విచక్రవాహన సంస్థలలో మొదటిదయ్యెను.

అయినను పొత్తును నిలుపునది వాటా మాత్రమే కాదు. ఒకరి విద్య మఱియొకరికి అక్కఱయై యుండవలెను. హోండా మన బజారును నేర్చుకొనెను. 1999లో ఇచ్చటనే సొంత సంస్థను స్థాపించి, 2001లో స్కూటరును, 2004లో మోటారుసైకిలును వెలువరించెను. పొత్తువాడే పోటీవాడయ్యెను. హీరో మాత్రము ఇంజనుకై జపాను వంకనే చూచుచుండెను. 2010 డిసెంబరులో విడిపోవ నిశ్చయించిరి. ఆ ఇరువదియాఱేండ్లును వాటాలు సమానములుగనే యుండెను. కాగితము మాఱలేదు, అక్కఱ మాఱినది.

మారుతి కథ వేఱు. 1982లో సుజుకీయు 26 పాళ్లతోనే భారతప్రభుత్వ సంస్థయగు మారుతిలో జేరెను. ఆ వాటా 1992లో 50 అయ్యెను. 2002లో సగమును మించెను. 2007లో ప్రభుత్వము తన కడపటి వాటాను విక్రయించెను. ఆ యేటనే సంస్థకు మారుతీ సుజుకీ అను పేరు వచ్చెను. దీనిని నేను తత్పురుషమందును; ఉత్తరపదమే ప్రధానము. సంస్థ చెదరక నిలిచినది. అయితే ఒకరి చేతికి పోయి నిలిచినది.

విడిపోయిన పిదప హీరో 2016లో జైపూరున సొంత పరిశోధనాలయమును నెలకొల్పెను. నేర్వవలసిన విద్యను పొత్తు సాగుచుండగనే నేర్చిన మేలు. విడిపోయిన పిదప నేర్చుట మిగుల వ్యయము.

నేడు మన శ్రీసిటీ మొదలగు చోట్ల విదేశీయుల కర్మాగారములు పెక్కు వెలసినవి. నా శిష్యులవంటి పిల్లలచ్చట పనికి బోవుచున్నారు. వారికి నా మాట యొక్కటే. జీతముతో దృప్తిపడక యంత్రము లోపలి మర్మము నడుగుడు. శిష్యుడడుగని విద్యను గురువు తనంత చెప్పడు. ఇది పంతులుగా నేనెఱిగిన సత్యము.